బాండు బీరువాలోనే ఉంది!

దుర్గమ్మ కొండ దాటి కుమ్మరిపాలెం సెంటరు మీదుగా పడమటికి పోతే భవానీపురం. బెజవాడకు రెండో కొసన, గన్నవరం దాకా పోయి లోపలికి తిరిగితే వీరపనేనిగూడెం. ఒకటి పట్నంలో పేట, రెండోది పల్లె. ఈ రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. 2021 అక్టోబరులో మాత్రం రెండు పేర్లూ ఒకే వార్తలో పక్కపక్కన కూర్చున్నాయి.

భవానీపురంలోని ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు శాఖలో రాష్ట్ర గిడ్డంగుల సంస్థ వేసుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్లు 9 కోట్ల 60 లక్షలు. వీరపనేనిగూడెం సప్తగిరి గ్రామీణ బ్యాంకులో నూనెగింజల రైతుల సమాఖ్య, అదే మనం ఆయిల్‌ఫెడ్ అనేది, వేసుకున్నది 5 కోట్లు. రెండు చోట్లా సొమ్ము మాయమైందని తేలింది. మొత్తం 14 కోట్ల 60 లక్షలు. తాళం పగల్లేదు, కిటికీ ఊచ వంగలేదు.

ఫిక్స్‌డ్ డిపాజిట్ బాండు మీరూ చూసే ఉంటారు. పైన బ్యాంకు పేరు, పక్కన వరస నంబరు, మధ్యలో అంకెల్లోనూ అక్షరాల్లోనూ సొమ్ము, వడ్డీ శాతం, గడువు తేదీ, ఆ రోజుకు చేతికొచ్చే మొత్తం. కింద రబ్బరు స్టాంపు, దాని మీద అడ్డంగా ఓ సంతకం. ఆ సంతకం ఎవరికీ అర్థం కాదు, అర్థం కానవసరం లేదనే అనుకుంటాం. పిల్ల పెళ్ళికని దాచుకున్నదైతే పట్టుచీర మడతలో పెడతాం. ఆఫీసులో అయితే లెక్కల విభాగం బీరువాలో ఫైలు కడతారు. ఏటా ఆడిటరు వస్తాడు. ఫైలు తెప్పిస్తాడు. బాండు ఉంది, అంకె సరిపోయింది, ఎర్ర పెన్సిలుతో టిక్కు పెడతాడు. బ్యాంకుకు పోయి, ఈ నంబరు మీద మీ దగ్గర సొమ్ము ఉందా అని అడిగేవాడు ఎవడూ ఉండడు. కథంతా ఈ చిన్న సందులోంచే దూరింది.

పంపకాల్లో బయటపడ్డ గుట్టు

తీగ దొరికింది హైదరాబాదులో. ఉన్నత చదువులకు తెలుగులో పుస్తకాలు కావాలని 1968లో, పి.వి. నరసింహారావు చొరవతో పుట్టిన సంస్థ తెలుగు అకాడమీ. డిగ్రీ చదివిన ప్రతి తెలుగువాడి అరలోనూ ఆ అట్టల పుస్తకం ఒకటన్నా ఉండి ఉంటుంది. రాష్ట్రం విడిపోయాక అకాడమీ ఆస్తుల పంపకం సుప్రీంకోర్టు దాకా పోయింది. పంచుకోవాలంటే ముందు ఉన్నదెంతో చూడాలి కదా. డిపాజిట్లు వెనక్కి తీసుకుందామని 2021 సెప్టెంబరులో బ్యాంకుకు వెళితే, ఆ సొమ్ము ఎప్పుడో తీసేశారన్న జవాబు వచ్చింది. కార్వాన్, సంతోష్‌నగర్ యూనియన్ బ్యాంకు శాఖల్లో, చందానగర్ కెనరా బ్యాంకు శాఖలో కలిపి పోయింది 64 కోట్ల పైచిలుకు. వేరు పడితే తప్ప ఇనప్పెట్టె తెరవని ఉమ్మడి కుటుంబాలు మన ఊళ్ళల్లో లేవా? ఇదీ అంతే. రాష్ట్రం విడిపోకుండా ఉంటే ఆ బాండ్లు ఇంకెన్నాళ్ళు ఫైల్లో నిద్రపోయేవో!

పోలీసులు చెప్పిన తతంగం ఇది. సర్కారు సంస్థల దగ్గర నిలువ సొమ్ము ఉంటుందని తెలిసిన దళారులు ముందు వస్తారు. ఫలానా బ్యాంకులో వడ్డీ ఎక్కువ, పని మేం చేసిపెడతామంటారు. సంస్థ చెక్కు రాసి ఇస్తుంది. బ్యాంకులో డిపాజిట్ నిజంగానే పడుతుంది, అసలు బాండూ పుడుతుంది. అయితే అది దళారి చేతికి పోతుంది. సంస్థకు చేరేది అచ్చం దానిలాగే అచ్చువేసిన నకిలీ. కొన్నాళ్ళకు సంస్థ లెటర్‌హెడ్ మీద, సంస్థ అధికారి సంతకంతో, గడువుకు ముందే డిపాజిట్ రద్దు చేయమని ఓ ఉత్తరం వెళుతుంది. ఉత్తరమూ నకిలీయే, సంతకమూ నకిలీయే. సొమ్ము ఓ సహకార పరపతి సంఘంలో సంస్థ పేరుతోనే తెరిచిన ఖాతాకు మళ్ళుతుంది. అక్కణ్ణుంచి నోట్ల కట్టలై బయటికొస్తుంది. సంఘం వాళ్ళకు కమీషను, మేనేజరుకు వాటా, మిగతాది పంపకం.

ఇంత పని బయటి దొంగ ఒక్కడివల్ల అవుతుందా? హైదరాబాదు కేసులో అరెస్టయినవాళ్ళలో బ్యాంకు మేనేజర్లున్నారు, పరపతి సంఘం పెద్దలున్నారు, అకాడమీ లెక్కల అధికారి ఉన్నాడు. అదే ముఠా కృష్ణ ఒడ్డునా చేయి పెట్టిందని విచారణలో తేలాకే మన భవానీపురం, వీరపనేనిగూడెం లెక్కలు బయటికొచ్చాయి. గిడ్డంగుల సంస్థ ఆదాయమంటే ధాన్యం బస్తాకింతని వసూలయ్యే అద్దె. డెల్టాలో కోత కోసి, కుప్ప నూర్చి, లారీకెత్తిన బస్తాలు రూపాయి రూపాయిగా కూడబెట్టిన సొమ్మది.

ఒక్క ఫోనుతో 117 కోట్లు

దీనికి సరిగ్గా ఏడాది ముందు, ఇదే నదికి అవతలి గట్టున ఇంకో కథ నడిచింది. అదెందుకో ఎవరికీ పెద్దగా గుర్తులేదు. నష్టం జరగలేదు కాబట్టి కాబోలు.

2020 సెప్టెంబరు. ముఖ్యమంత్రి సహాయ నిధి పేరున, వెలగపూడి సచివాలయంలోని స్టేట్ బ్యాంకు శాఖ మీద రాసిన మూడు చెక్కులు మూడు దూరపు ఊళ్ళలో నగదు కోసం వచ్చాయి. మంగళూరు వైపు ఒకటి, 52 కోట్ల 65 లక్షలు. ఢిల్లీలో 39 కోట్ల 85 లక్షలు. కోల్‌కతాలో 24 కోట్ల 65 లక్షలు. అన్నీ కలిపి 117 కోట్ల 15 లక్షలు. అసలు ఆ నంబర్ల మీద సర్కారు ఇచ్చిన చెక్కులు పేద రోగులవి. ఒకటి 16 వేలది, తక్కిన రెండూ 45 వేలవి.

అంత పెద్ద అంకె చూసి అక్కడి బ్యాంకు వాళ్ళకు అనుమానమొచ్చింది. ఈ చెక్కు మీరిచ్చిందేనా అని వెలగపూడికి ఫోను చేశారు. కాదన్నారు. అంతే, దోపిడీ అక్కడే ఆగింది. కేసు అవినీతి నిరోధక శాఖకు వెళ్ళింది. సొమ్ము మాత్రం ఖజానా గడప దాటలేదు.

నకిలీ పట్టే యంత్రాలు, కోట్లు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ ఏవీ ఆపలేదు దాన్ని. ఓ గుమాస్తా చేసిన ఫోను ఆపింది. అకాడమీ డిపాజిట్ల మీద రద్దు ఉత్తరం వచ్చిన రోజున బ్యాంకు వాళ్ళు సంస్థకు ఫోను చేసి, అయ్యా, గడువుకు ముందే ఎందుకు తీసేస్తున్నారు అని అడిగి ఉంటే? అడగలేదు. అడగకుండా ఉండేందుకే వాటా.

కైంకర్యం అన్న మాట

ప్రజల సొమ్ము కాజేయడానికి తెలుగులో ఉన్నన్ని మాటలు ఇంకే నేరానికీ లేవేమో. తినేశాడు, మింగాడు, నొక్కేశాడు, బొక్కేశాడు, హాంఫట్ చేశాడు. స్వాహా హోమగుండం దగ్గరి మాట. కైంకర్యం గుడిలో మాట, దేవుడికి చేసే సేవ. పవిత్రమైన ఈ రెండు మాటలకూ ఇలాంటి గతి పట్టించిన జాతి మనది. పేపరు వాళ్ళం మేమూ అందులో ఓ చెయ్యి వేశాం.

ఖజానా సొమ్మును అక్షరాలా కైంకర్యం చేసినవాడు మాత్రం మన చరిత్రలో ఒక్కడే. పాల్వంచ తహసీల్దారు కంచెర్ల గోపన్న. వసూలైన శిస్తులోంచి ఆరు లక్షల వరహాలు తీసి భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడని, తానీషా పన్నెండేళ్ళు గోల్కొండ చెరసాలలో పెట్టాడని కథ. మేనమామలు అక్కన్న మాదన్నలే ఆ సుల్తాను కొలువులో మంత్రులు. వాళ్ళ పేరున్న గుహలు బెజవాడలో దుర్గమ్మ కొండ కిందే ఉన్నాయి. మేనల్లుడైనా చెర తప్పలేదు చూడండి. భక్తులు నొచ్చుకోకపోతే ఓ మాట: లెక్కల పుస్తకం మీద తానీషా చేసింది తప్పు కాదు. ఆ కథలోనూ చివరికి జరిగింది రికవరీయే. రాముడే వచ్చి వరహాలు చెల్లించి రసీదు పుచ్చుకుపోయాడని కదా చెప్పుకుంటాం.

రాముడు రాని కథ గుంటూరుది. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో గుంటూరు కలెక్టరు కచేరీలో పెత్తనమంతా హుజూరు శిరస్తాదారుది, ఆయన బంధువర్గానిది. దొర మారుతుంటాడు, శిరస్తా మారదు. పైన దొరకు వెళ్ళే లెక్క ఒకటి, కింద కరణం దగ్గర ఉండే లెక్క మరొకటి. 1832-33 కరువులో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. శిస్తు ఎందుకు పడిపోతోందంటే కరువు మీదకు తోసేయడానికి వీలు చిక్కింది. ఎంత కరువు పోగొట్టిందో, ఎంత కచేరీ మింగిందో విడదీసి చెప్పగలవాళ్ళు లేరు, ఉన్నా చెప్పరు. చివరికి 1845లో మద్రాసు ప్రభుత్వం వాల్టర్ ఇలియట్ అనే ఆయన్ను ప్రత్యేక కమిషనరుగా పంపింది. శిరస్తా వ్యవహారం మీద అమెరికా చరిత్రకారుడు రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ 1965లో ఓ పుస్తకమే వేశాడు, గుంటూరు జిల్లా పేరుతో.

ఈ ఇలియట్ మనకు ఇంకో విధంగానూ తెలుసు. కచేరీ లెక్కలు తవ్వుతూనే అదే ఏడు అమరావతి స్తూపం దిబ్బా తవ్వించాడు. బయటపడ్డ సున్నపురాతి శిల్పాలు మద్రాసు వెళ్ళాయి, ఆపైన చాలామటుకు లండన్ చేరాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. స్వాహా తేల్చడానికి వచ్చిన దొర పట్టుకుపోయినదాన్ని ఏ పద్దు కింద రాయాలో మీరే చెప్పండి.

గులాబీ నీళ్ళకు చిక్కనివాళ్ళు

అవినీతి మీద సర్కారు కొరడా అంటే మనకు కళ్ళ ముందు కనపడేది ఓ గాజు గ్లాసు. ఏసీబీ వాళ్ళు నోట్లకు ఫినాఫ్తలిన్ పొడి రాసి ఫిర్యాదుదారు చేత పంపుతారు. పుచ్చుకున్నాయన వేళ్ళను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబీ రంగు తిరుగుతాయి. బల్ల మీద నోట్లు, పక్కన గ్లాసు, వెనక తల వంచుకున్న వీఆర్వో. మర్నాటి జిల్లా పేజీలో ఫొటో. 1961 జనవరిలో అవినీతి నిరోధక శాఖ పుట్టినప్పటినుంచీ ఈ పని బాగానే చేస్తోంది, చేయాలి కూడా.

కానీ లంచం వేరు, స్వాహా వేరు. లంచానికి ఫిర్యాదుదారు ఉంటాడు. తన జేబులోంచి పోయింది కనక కడుపు మండి ఫోను చేస్తాడు. ఖజానా సొమ్ముకు అలా కడుపు మండేవాడెవడు? గిడ్డంగుల సంస్థ డిపాజిట్ పోయిన రోజున డెల్టాలో ఒక్క రైతుకూ నిద్ర చెడలేదు. తన బస్తా అద్దె అందులో ఉందని తెలిస్తే కదా! డిపాజిట్ మళ్ళించినవాడి వేళ్ళకు ఏ పొడీ అంటదు. వాణ్ణి పట్టించేది కాగితం మీద కాగితం పెట్టి చూసే ఓపిక.

బీహారు గడ్డి కుంభకోణం సంగతీ ఇంతే. 1996 జనవరిలో చాయిబాసాలో జిల్లా అధికారిగా ఉన్న అమిత్ ఖరే, పశుసంవర్ధక శాఖ తీసిన సొమ్ముకూ దానికి కేటాయించిన బడ్జెట్‌కూ పొంతన ఉందా అని ట్రెజరీ బిల్లులు తెప్పించుకు చూశాడు. లేదు. తొమ్మిది వందల కోట్లు దాటిన ఆ కుంభకోణానికి మొదటి తీగ అదే. మాజీ ముఖ్యమంత్రికి శిక్ష పడింది 2013లో.

చట్టానికేం లోటు లేదు. ప్రభుత్వోద్యోగి తన చేతికప్పగించిన సొమ్ము కాజేస్తే పాత శిక్షాస్మృతిలో 409, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 316(5). యావజ్జీవం దాకా వేయొచ్చు. అవినీతి నిరోధక చట్టంలో నాలుగేళ్ళకు తగ్గకుండా పదేళ్ళ దాకా. కాజేసిన సొమ్ముతో కొన్న ఆస్తి జప్తుకు రెండో ప్రపంచ యుద్ధం నాటి 1944 ఆర్డినెన్సు ఇంకా పనిచేస్తోంది. మరి పీటముడి ఎక్కడ? ఓ అధికారి తీసుకున్న నిర్ణయం మీద విచారణ మొదలెట్టాలంటే ముందు పైవాళ్ళ అనుమతి కావాలంటుంది 2018లో చేర్చిన 17-ఎ సెక్షను. కోర్టు కేసును విచారణకు తీసుకోవాలంటే ప్రాసిక్యూషనుకు మరో అనుమతి. ఈ 17-ఎ ఏమిటో తెలుగు ఇళ్ళల్లో కాఫీ తాగుతూ వాదించుకున్నది 2023లో, స్కిల్ డెవలప్‌మెంట్ కేసులో చంద్రబాబు నాయుడిని అరెస్టు చేసి విజయవాడ ఏసీబీ కోర్టుకు తెచ్చినప్పుడు. 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీలూ దాని మీద చెరో మాట చెప్పారు. ప్రభుత్వం మారాక అదే కోర్టు మెట్లు అవతలి పక్షం వాళ్ళు ఎక్కారు, మద్యం కేసులోనూ తక్కినవాటిలోనూ. ఎవరు దోషులో కోర్టు చెప్పాలి, నేను చెప్పను. నా బాధల్లా ఒకటే. అయిదేళ్ళకోసారి అటు ఇటు మారే కేసుల హోరులో భవానీపురం లాంటి లెక్కలు ఎవరికీ పట్టకుండా పోతాయి. వాటిలో ఏ జెండా లేదు.

మనూళ్ళోనే ఇంకో రెండు సంగతులు. 2021 ఫిబ్రవరిలో ఇంద్రకీలాద్రి మీద ఏసీబీ వరసగా సోదాలు చేసింది. టికెట్లు, చీరలు, స్టోర్లు, లెక్కలు. పదిమందికి పైగా దేవస్థానం ఉద్యోగులు సస్పెండయ్యారు. సస్పెన్షన్ అంటే శిక్ష అనుకుంటాం, జీతంలో సగం ఇస్తూ ఇంట్లో కూర్చోబెట్టడం అది. తర్వాత శాఖాపరమైన విచారణ, దాని మీద అప్పీలు, ఈలోగా రిటైర్‌మెంటు. ఆఫీసుల్లో ఓ మాటుంది, ‘పేరా పడింది’ అని. ఆడిట్ వాళ్ళు అభ్యంతరం రాస్తే పేరా పడినట్టు. పడ్డ పేరాను ఎలా డ్రాప్ చేయించుకోవాలో తెలిసిన సూపరింటెండెంటుకు ఆ ఆఫీసులో ఉండే గౌరవం ఆఫీసరుకు ఉండదు.

రెండోది 2024 జూలై మొదటి వారం. యనమలకుదురు దగ్గర కృష్ణ కరకట్ట మీద రాత్రిపూట బస్తాలు దింపి కాగితాలు తగలబెడుతుంటే జనం పట్టుకున్నారు. సగం కాలినవాటిలో కాలుష్య నియంత్రణ మండలి కాగితాలు, గనులకు సంబంధించినవి కనపడ్డాయి. అదే నెల 21 రాత్రి అటు మదనపల్లె సబ్‌కలెక్టరు ఆఫీసులో ఫైళ్ళు కాలాయి. రెంటి మీదా పోలీసు కేసులు పడ్డాయి. ఏ కాగితం ఎందుకు కాలిందన్నది దర్యాప్తు సంగతి. నేను చూసేది ఒక్కటే. పనికిరాని కాగితాన్ని అర్ధరాత్రి కరకట్ట దాకా మోసుకొచ్చి ఎవరూ కాల్చరు.

మా నాన్న రసీదు

ఈ గొడవంతా రాయడానికి కూర్చుంటే మా నాన్న గుర్తొచ్చాడు. డెల్టాలో ఓ ఊరు, కాలవ కింద మూడెకరాలు. ఓ ఏడు దాళ్వా బాగా పండింది. నాన్న సొసైటీలో ఎరువుల అప్పు పూర్తిగా కట్టేసి, రసీదు మడిచి ట్రంకుపెట్టెలో అమ్మ నగల డబ్బా కింద పెట్టాడు. రెండేళ్ళకు నోటీసు వచ్చింది, వడ్డీతో సహా. రసీదు తీసుకుని చొక్కా వేసుకుని వెళ్ళాడు. గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి, “రసీదు మాదేనండి, పద్దులో మాత్రం పడలేదు” అన్నాడు. అలాంటివి ఊళ్ళో నలభైకి పైగా తేలాయి. విచారణాధికారి జీపులో వచ్చాడు, వాంగ్మూలాలు రాసుకున్నాడు, మునసబు గారింట్లో భోంచేసి వెళ్ళాడు. సెక్రటరీ గారికి బదిలీ అయింది. మేం అప్పు రెండోసారి కట్టాం.

ఆ రసీదు ఇప్పటికీ నా దగ్గరుంది. కాగితం పసుపుపచ్చగా అయింది, స్టాంపు ఊదారంగు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ తర్వాత నాన్న ఎక్కడ ఏ సొమ్ము కట్టినా రసీదు పుచ్చుకుని కదిలేవాడు కాదు. “పద్దులో ఎక్కించండి, చూసి పోతాను” అని బల్ల ముందే నిలబడేవాడు. వెనక వరసలో జనం విసుక్కునేవాళ్ళు. నాకూ సిగ్గేసేది.

అలా నిలబడి అడగడమే ఓ పద్ధతిగా మారిన సందర్భం మన దగ్గర ఒకటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ పెట్టారు. ఊళ్ళో చదువుకున్న కుర్రాళ్ళే మస్తరు పట్టుకుని ఇంటింటికీ పోయి, అమ్మా, ఈ వారం కాలవలో గుర్రపుడెక్క తీశావా, నీకెంతొచ్చింది అని అడుగుతారు. ఆనక ప్రజావేదికలో మైకులో చదువుతారు. చచ్చిపోయినవాళ్ళు మట్టి తవ్విన సంగతులు, దుబాయిలో ఉన్నవాడి వేలిముద్రలు అలాగే బయటపడ్డాయి. దీన్ని చూడ్డానికి దేశంలో వేరే రాష్ట్రాలవాళ్ళు వచ్చారు. తేల్చినంత సొమ్ము వసూలు కాలేదన్నది నిజం, వసూలైంది కొద్ది భాగమే. అయినా ఆ మైకు ముందు నిలబడ్డ ఫీల్డ్ అసిస్టెంటు ముఖంలో నెత్తురు చుక్క లేకపోవడం నేను చూశాను. ఏ సస్పెన్షను కాగితమూ అంత పని చేయలేదు.

కోట్ల డిపాజిట్లకు మాత్రం మస్తరు చదివే మైకు లేదు. ఏ కార్పొరేషను సొమ్ము ఏ బ్యాంకు ఏ శాఖలో ఎంతకాలానికి ఉందో వాళ్ళ గుమ్మంలోని నోటీసు బోర్డు మీద ఎందుకు పెట్టకూడదో నాకెవరూ నమ్మేలా చెప్పలేదు.

ఆ నోటీసు బోర్డు రాలేదు గానీ, వీరపనేనిగూడెం బ్యాంకు బోర్డు మీద పేరు మాత్రం మారిపోయింది. 2025 మే 1 నుంచి సప్తగిరి సహా రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నీ ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిశాయి.

మీలో దేవాలయం కమిటీ కోశాధికారులుంటారు, అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శులుంటారు, సొసైటీ డైరెక్టర్లు, బడి పాత విద్యార్థుల నిధి చూసేవాళ్ళు, సర్పంచులు ఉంటారు. బీరువాలోని బాండు తీసుకుని బ్యాంకుకు వెళ్ళండి. ఈ నంబరు మీద ఈ రోజుకు ఎంత ఉందో మేనేజరు చేత రాయించుకోండి. దళారి చేత కబురు పెట్టకండి, మీరే వెళ్ళండి. అంకె తేడా వస్తే పోలీసులకు ఫిర్యాదు చేయండి. సర్కారు సొమ్మైతే ఏసీబీ నంబరు 1064.